నీలం గళ్ల చిన్న పరుపు

మాబున్నికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. బిడ్డ ఏడిస్తే తనకు వినపడదేమోనని.

పాములంటే భయం లేదు, చీకటంటే లేదు, అత్త నోరంటే అసలే లేదు. ఎనిమిది నెలల నూరీ ఎప్పుడో గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ ఏడుపు తన చెవిన పడదు, పడేసరికి ఆలస్యమైపోతుంది. ఈ ఒక్క ఆలోచనే ఆమెను కుదురుగా కూర్చోనిచ్చేది కాదు. ఊరికే పుట్టిన భయమూ కాదది. మొగుడు హొన్నూరు వలి స్పీకర్ బాక్సులు కట్టేవాడు. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో ఇల్లు, ఇంటిని ఆనుకునే రేకుల షెడ్డు. షెడ్డులో బాక్సు పరీక్షకు పెట్టాడంటే వంటింట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే నడుచుకుంటూ అలమర అంచుకు వచ్చేవి. అంత మోతలో పసిబిడ్డ గొంతు ఏపాటి? అందుకే మాబున్ని చేతిలో పని చేతిలోనే పట్టుకుని మాటిమాటికీ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేది.

"ఏం మే, ఉయ్యాలకూ షెడ్డుకూ నడాన రైలు పట్టాలేమన్నా ఏపిద్దామా?" అనేది అత్త ఫకీరమ్మ, దిండు కుడుతూ తల ఎత్తకుండా.

"ఏపిచ్చత్తా. టికెట్లు నువ్వే కొట్టు" అనేది మాబున్ని, ఆగకుండా.

వాళ్లది దూదేకులోళ్ల ఇల్లు. మాబున్ని తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల నాయనకు కాలూ చెయ్యీ పడిపోయాయి. బడి మాని తల్లి పక్కన పరుపులు కుట్టడానికి కూర్చుంది. ఆ చేతి పనే అత్తారింట్లో అక్కరకొచ్చింది. బాక్సు చెక్క కోసి బిగించడం హొన్నూరు పని, లోపల ఏం కూరాలో చూసేది మాబున్ని.

స్పీకరు ముందుకు ఎంత పలుకుతుందో వెనక్కీ అంతే పలుకుతుంది. ముందు పలికేది మనుషులకు, వెనక పలికేది పెట్టెకు. ఆ వెనక పలుకు చెక్కకు తగిలి తిరిగొచ్చిందంటే పాట బొంగురుపోతుంది, గుయ్‌మని మోత మిగులుతుంది. దాన్ని లోపలే అణచాలి. అందుకు బూరుగు దూది పెట్టి చూశారు, అది నాలుగు రోజులకే అడుక్కి జారిపోయింది. కొబ్బరి పీచు మోత తగ్గించింది గాని ఎలుకల్ని పిలిచింది. గాజు ఉన్ని బాగానే పనిచేసేది, కానీ పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ దురద దుమ్ము వద్దని మాబున్ని గుమ్మంలోనే ఆపేసింది. చివరికి గొర్రెలు కాసే కురుబోళ్ల దగ్గర పాత గొంగళ్లు తెచ్చి, ముక్కలు కోసి, చెక్కకు వదులుగా అతికించడం మొదలుపెట్టింది. ఎక్కువ కూరితే పాటకు ఊపిరాడదు, తక్కువైతే మోత ఆగదు. సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఆమె పద్ధతి ఆమెది. స్పీకరు బిగించే రంధ్రంలోకి మొహం పెట్టి "నూరీ!" అని పిలిచేది. తిరిగొచ్చే గొంతు ఎంత మిగిలిందో విని, ఇంకో ముక్క వేయడమో తీయడమో చేసేది.

ఆ గొంగడి బాక్సుల మంచితనం విని వచ్చింది యశోధర మేడమ్.

ఊరి చివర పత్తి వ్యర్థాల మీద శిలీంధ్రాలు పెంచే ప్రయోగశాల ఉంది. ఆమె అందులో శాస్త్రవేత్త. నలభై ఏళ్ల మనిషి, చెప్పుల మీద ఎప్పుడూ ఏదో బూజు అంటుకుని ఉండేది. ప్రయోగానికి మంచి స్పీకర్లు కావాలని మొదటిసారి వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడు గోనెసంచి దింపింది. లోపల శిలీంధ్రం నుంచి తీసిన తెల్లటి పోగు. దూదికన్నా సన్నం, పట్టుకన్నా జారుడు, ముట్టుకుంటే కొంచెం చల్లన.

"ఇది బాక్సులో పెట్టి చూడండి. ఎండ మాత్రం తగలనివ్వొద్దు. బతికున్న పోగు ఇది, ఎండకు చచ్చిపోతుంది."

ఫకీరమ్మ చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఇదేం దూదమ్మా, బూజు దూది మాదిరి ఉండాది" అంది. ఆ పేరే స్థిరపడిపోయింది.

మాబున్ని కొత్త బాక్సుకు బూజు దూది అతికించి, అలవాటు ప్రకారం రంధ్రంలోకి పిలిచింది. గొంతు తిరిగొచ్చింది. గొంగడి అంత కూడా లేదే అనుకుంది. ముక్క మార్చింది, పిలిచింది. జరిపింది, పిలిచింది. అట్లా పూటంతా పిలుస్తూనే ఉంది. సాయంత్రానికి ఉన్నట్టుండి ఏమీ తిరిగిరాలేదు. తిరిగిరాకపోవడం అటుంచి, తన నోట్లోంచి మాట వెళ్లినట్టే లేదు.

"ఏమయ్యా, ఇట్రా. నా గొంతు పోయిందేమో చూడు."

"గొంతు పోతే ఇంత గట్టిగ ఎట్ల అరుస్తావు?" అంటూ హొన్నూరు వచ్చి, తాను లోపలికి "నూరీ" అన్నాడు. అతని గొంతు ఖంగుమని వచ్చింది. మాబున్ని "హొన్నూరూ" అంది. అదీ వచ్చింది. "నూరీ" అంది. లేదు.

"బాక్సుకు నీ మీదేమో కోపముంది మే" అన్నాడు హొన్నూరు.

మర్నాడు మేడమ్ ఆ ముచ్చట విని చప్పట్లు కొట్టి నవ్వింది. "కోపం కాదు, చదువు! ఒకే శబ్దం పదేపదే తగిలితే ఈ పోగు దానికి సరిగ్గా ఎదురు వణకడం నేర్చుకుంటుంది. మీరు ఇటు ఊపితే అది అటు ఊపుతుంది. రెండూ కలిస్తే సున్నా. చుట్టూ ఒక మూరెడు దూరం వరకూ అంతే."

"అన్నీ మింగేస్తే పాటెట్ల వినపడేది మేడం?"

"నేర్పిందే మింగుతుంది. బాక్సు మోత ఒక్కటీ నేర్పండి, పాట జోలికి పోదు."

సరిగ్గా అట్లాగే జరిగింది. ఖాళీ పెట్టెలో ఆ గుయ్‌మనే మోతనొక్కదాన్నే పూటంతా వినిపించేవారు. పోగు దాన్ని పట్టేసేది. ఆ తరువాత ఆ పెట్టెలో పాట పెడితే తబలా మీద వేలు ఎక్కడ పడిందో వేలుపెట్టి చూపించవచ్చు. ఆదోని దాటి, ఎమ్మిగనూరు దాటి మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. యశోధర మేడమ్ ప్రయోగశాలలోనూ సందడి మొదలైంది. ఇళ్లు కట్టే ఒక కంపెనీ వాళ్లు ఆ పోగును గోడల్లో పెడతామని కబురు పంపారు.

ఇక్కడ ఆ ఇంటి అలవాటొకటి చెప్పాలి. కొత్త రకం సరుకు ఏది ఇంటికొచ్చినా, ముందు ఇంట్లో పసిబిడ్డ కింద పరవాలి. బిడ్డ హాయిగా నిద్రపోతేనే అంగట్లో పెట్టాలి. ఫకీరమ్మ అత్త, ఆమె అత్త, అందరూ అట్లాగే చేశారు. "మా సరుకు మంచిదని మేం చెప్పం. మా బిడ్డ పండుకొని చెప్తాది" అనేది ఫకీరమ్మ, దర్గా ఉరుసులో దిండ్లు అమ్ముతూ.

బాక్సులకు పోగా మిగిలిన బూజు దూదితో ఆమె మూడు చిన్న పరుపులు కుట్టింది. పైన నీలం గళ్ల గుడ్డ, ఆ ఇంటి గుర్తుగా ఒక మూల ఎర్ర దారంతో మూడు కుట్లు. మాబున్ని ఊరుకోలేదు. ఒంటికి పడుతుందో లేదోనని మేడమ్‌ను అడిగే దాకా నూరీ కింద పరవనివ్వలేదు.

"ఏం కాదమ్మా, నేను నోట్లో వేసుకుని నమిలి చూశాను" అంది మేడమ్, బాక్సు మీద నుంచి చూపు తిప్పకుండా. ఆమె ఒంటి సంగతి ఆలోచించింది. చెవి సంగతి ఎవరికీ తట్టలేదు.

నూరీ ఆ మెత్తటి పరుపు మీద చెక్క ఉయ్యాలలో పడుకుంది. పళ్లు వచ్చే వయసు కదా, మొదట్లో మామూలుగానే ఏడ్చింది. తరువాత తరువాత తగ్గించింది. ఇంకొన్నాళ్లకు ఏడవడమే మానేసింది. కిలకిలా నవ్వేది, "త్తత్తత్త" అనేది, కాళ్లు తపతపా కొట్టేది. అవన్నీ వినపడేవి. ఏడుపు ఒక్కటే లేదు.

"చూస్తివా, పరుపు మహిమ!" అంది ఫకీరమ్మ. వీధి వీధంతా వచ్చి చూసి మెటికలు విరిచి పోయింది. ఉరుసు వస్తే ఆమె మిగిలిన రెండు పరుపులూ సంకన పెట్టుకుని పోయి, సాయంత్రానికి ఖాళీ చేతులతో, గెలిచిన మొహంతో తిరిగొచ్చింది.

మాబున్ని భయం కూడా మెల్లగా కునుకు తీసింది. ఉయ్యాలకూ షెడ్డుకూ మధ్య పరుగులు తగ్గాయి. ఒకపూట హాయిగా కూర్చుని అన్నం తిన్నది. పెళ్లయ్యాక అట్లా తిన్న గుర్తు ఆమెకు లేదు.

రెండు సంగతులు మాత్రం లోపలెక్కడో ముల్లులా గుచ్చాయి. పాలకు ఎత్తుకుంటే నూరీ ఆవురావురుమని మీదపడేది, ఎంతోసేపు ఆగి ఆగి ఉన్నదానిలా. ఇంకొకటి, బిడ్డ గొంతు బొంగురుపోయింది. ఏడవని బిడ్డకు గొంతెందుకు బొంగురుపోతుంది? జలుబేమోనని వాము కాచి రొమ్మున రాసింది. తగ్గలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. షెడ్డులో మోత ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. కత్తెర కోసం మాబున్ని ఇంట్లోకి వచ్చింది. ఫకీరమ్మ ఉయ్యాలకు వీపు పెట్టి, చేటలో బియ్యం ఏరుతూ తనలో తాను ఏదో పాడుకుంటోంది. ఆమె వెనక, నాలుగు బారల దూరంలో, ఉయ్యాలలో నూరీ మొహం కందగడ్డలా అయిపోయి ఉంది. నోరు ఎంత తెరవగలదో అంత తెరిచి ఉంది. పిడికిళ్లు బిగుసుకున్నాయి. కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. చప్పుడు లేదు.

ఊపిరి ఆగిందనుకుంది మాబున్ని. ఒక్క అంగలో దూకి బిడ్డను పైకి లాగింది. ఉయ్యాల అంచు దాటిందో లేదో, ఏడుపు బద్దలైంది. మధ్యలోంచి, సగంలోంచి, ఎప్పటినుంచో నడుస్తున్న ఏడుపు. ఫకీరమ్మ చేతిలో చేట ఎగిరి బియ్యం చెల్లాచెదురయ్యాయి.

రోజూ బాక్సులతో చేసే పనిని మాబున్ని చేతులు మరిచిపోలేదు. బిడ్డను మెల్లగా కిందికి దించింది. ఏడుపు మాయం. పైకెత్తింది. ఏడుపు. బిడ్డను గుండెకు హత్తుకుని పాలివ్వడానికి నేల మీద కూర్చుంది.

"అత్తా, పిల్ల ఏడుపు మానలేదు. రోజూ ఏడుస్తానే ఉండాది. మనకే వినపడలేదు."

"నేను ఈన్నే ఉంటి కదే తల్లీ" అంది ఫకీరమ్మ. "ఈడనే కూచోనుంటి. వీపు పెట్టి..."

పాలు తాగి నూరీ కుదుటపడింది. మాబున్ని లేచింది. ఒక చంకన బిడ్డ, ఇంకో చంకన పరుపు. మొగుణ్ని బాక్సులు చేరవేసే ఆటో తీయమంది. అంతకాలం భయపడిన మనిషికి, ఆ భయం కళ్లెదుట నిజమయ్యాక భయపడాల్సింది ఇంకేం మిగల్లేదు. చేయాల్సిన పనే కనపడింది.

ప్రయోగశాలలో యశోధర మేడమ్ మర్నాటి ఏర్పాట్లలో ఉంది. కంపెనీ వాళ్లు ఆ పోగు పెట్టిన గోడలు చూడటానికి వస్తున్నారు. మాబున్ని ఏమీ చెప్పలేదు. పరుపు బల్ల మీద పరిచింది. నూరీకి ఆకలి వేసి రాగం తీసే దాకా ఆగి, బిడ్డను దించి, ఎత్తి చూపింది. ఒక్కసారే. రెండోసారికి మేడమే చేయి అడ్డం పెట్టింది.

"చాలు. పిల్లను ఎత్తుకో."

ఆమె గోడ మీద అతికించిన తెల్లటి పలకల వైపు చూసింది. "బాక్సుకు మనం నేర్పాం. పరుపుకు ఎవరూ నేర్పలేదు, రోజూ ఒకే తీరుగా వినపడినదాన్ని తనంతట అదే నేర్చుకుంది. గోడలూ అంతే. ఒక ఇంట్లో రోజూ వినపడేది ఏంటి మాబున్నీ?"

మాబున్నికి తన సందులోని ఇళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మూల ఇంట్లో మంచం దిగలేని ముసలాయన రోజూ నీళ్లకు పిలుస్తాడు. వెనకింటి అమ్మాయి రోజూ దెబ్బలు తింటుంది. మేడమ్ ఫోను తీసి కంపెనీ వాళ్లను రావద్దంది. అవతల వాళ్లు గట్టిగానే అరిచినట్టున్నారు. ఆమె ఫోను చెవికి దూరంగా పట్టుకుని, అరుపు అయ్యేదాకా ఆగి, "రావద్దు" అని మళ్లీ చెప్పి పెట్టేసింది.

"ఈ పోగుతో ఎన్ని పరుపులు కుట్టారు?"

"మూడు" అంది మాబున్ని. అన్నాక గాని ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు.

ఇంటికి రాగానే నూరీ పరుపును మిద్దె మీద ఎండలో పడేశారు. పొద్దు వాలేసరికి పోగు పొడిపొడిగా రాలిపోయింది. గుడ్డ ఒక్కటే మిగిలింది. ఎండ దాన్ని చంపుతుందని రూఢి అయింది. ఆ సంతోషం నిలవలేదు. ఫకీరమ్మ నెత్తి పట్టుకుంది.

"నేనే చెప్పి పంపితి మే. ఎండలో పెట్టొద్దు, నీడనే ఉంచండి, బంగారు మాదిరి చూసుకోండి అని. కొన్నోళ్లు ఇద్దరితోనూ తిరిగి చెప్పించుకుంటి."

రెండో పరుపు ఊళ్లోనే దొరికింది. గాజులమ్మే షరీఫా కొనింది, మనవడికి. వీళ్లు వెళ్లేసరికి ఆమె ఎదురొచ్చి, "మీ పరుపు దయ, మావాడు నోరు తెరవడం లేదు" అంది నవ్వుతూ. మాబున్ని లోపలికి నడిచి పిల్లవాణ్ని ఎత్తింది. ఆ బొంగురు ఏడుపు విని షరీఫా కోడలు పరుగున వచ్చి బిడ్డను అందుకుంది. పిల్లవాడి చెంపలు పీక్కుపోయి ఉన్నాయి. ఇంకొన్నాళ్లు పోతే ఏమయ్యేదో అక్కడున్న ఏ ఆడమనిషికీ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

మూడోదాని జాడ తెలియలేదు. ఉరుసులో ఎవరో పడుచుపిల్ల కొనుక్కుపోయింది. ముక్కుకు పచ్చరాయి పుడక, రొమ్మున గుడ్డతో కట్టుకున్న పసిగుడ్డు. నలుగురితో కలిసి మిరపకాయలు కోయడానికి బస్సెక్కుతున్నామంది. ఏ ఊరో ఫకీరమ్మ అడగలేదు. ఎండ సంగతి మాత్రం తిరిగి చెప్పించుకుంది.

హొన్నూరు బాక్సులన్నీ విప్పి బూజు దూదిని ఎండకు పోశాడు. గొంగడి ముక్కలు మళ్లీ వచ్చాయి. అందులో మంచివి రెండు బాక్సులు ఎంచి, ఆటో పైన కట్టి, మైకు తగిలించాడు. మాబున్ని తన మాట రికార్డు చేసి ఇవ్వబోయింది. యశోధర మేడమ్ ఆపింది.

"రికార్డు వద్దు. వెళ్లిన ఊరికే మళ్లీ వెళ్లాల్సి వస్తుంది. ఒకే మాట, ఒకే గొంతు, మళ్లీ మళ్లీ వినపడితే ఆ పరుపు నీ కేకను కూడా నేర్చేసుకుంటుంది. పక్కనే పడుకున్న ఆ తల్లికి వినపడకుండా పోతుంది. మాట మార్చి చెప్పు. ప్రతిసారీ కొత్తగా చెప్పు."

మార్చి మార్చి చెప్పడం మాబున్నికి ఒక పనా! లోపల అంత దాచుకున్న మనిషి. ఒక ఊళ్లో పాటలా చెప్పింది, ఇంకో ఊళ్లో తిట్టులా. ఒకచోట బతిమాలింది. మిరప కల్లాల దగ్గర కథలా చెప్పింది, కోతకొచ్చినవాళ్లు తలగుడ్డలు విప్పుకుని కూర్చుని విన్నారు. నూరీ ఆమె ఒళ్లో ఉండి మధ్యమధ్య మైకు లాక్కుని "త్తత్తత్త" అనేది. అది కూడా ఊరంతా వినేది. ఆమె గొంతు అలిసిపోతే ఫకీరమ్మ అందుకునేది.

"ఏమమ్మా, బిడ్డ ఏడవదని మురిసిపోతాండారా? బిడ్డన్నాక ఏడవాల! ఏడవకుంటే ఏదో ఒకటి ఏడుపును మింగుతాండాదని అర్థం! నేను కుట్టినదే, నేనే చెప్తాండా, తీసి ఎండకెయ్యండి!"

"గమ్మునుండు జేజీ, పిల్లోల్లు నిద్రపోతాండారు" అని ఎవరో అరిచారు ఒక ఊళ్లో.

"లేపు నాయనా! లేపి చూడు, ఏడుస్తారో లేదో!" అంది ఫకీరమ్మ.

ప్రయోగశాలలో మేడమ్ ఇప్పుడు మనిషి గొంతును నేర్చుకోలేని పోగు కోసం కష్టపడుతోంది. దొరికేదాకా ఒక్క పీచు కూడా బయటికి పోదని తలుపుకు తానే తాళం వేసుకుంటోంది. హొన్నూరు బాక్సుల్లో కొంచెం మోత మళ్లీ వినపడుతోంది. "ఉండనీలే, అది కూడా లోకంలోదే" అంటున్నాడు. మాబున్ని మళ్లీ ఉయ్యాలకూ షెడ్డుకూ మధ్య పరుగులు పెడుతోంది. ఈసారి అత్త రైలు పట్టాల మాట ఎత్తడం లేదు. ఉయ్యాల వైపు మొహం పెట్టి కూర్చుని బియ్యం ఏరుతోంది.

మూడో పరుపు ఇంకా దొరకలేదు. దొరుకుతుందని మాబున్నికి గట్టి నమ్మకం. అన్ని రకాలుగా చెప్పి చూసింది, మీ చేతిలోని ఈ కాగితం ఇంకో రకం. ఆటో వెళ్లలేని ఊళ్లకు కాగితం వెళుతుందని, చదివే కేకను ఏ పరుపూ మింగజాలదని ఆమె ఆలోచన.

కనుక మీరు ఇది చదవడం అయ్యాక ఒక్కసారి లేవండి. మీ వీధిలోనో, మీ చేను గట్టున వేసిన గుడిసెల్లోనో, ఎన్నడూ ఏడవని బిడ్డ అని నలుగురూ మెచ్చుకునే బిడ్డ ఉంటే వెళ్లి చూడండి. ఆ తల్లి ముక్కుకు పచ్చరాయి పుడక ఉండవచ్చు, తీసేసి ఉండవచ్చు. గుమ్మంలో నిలబడి విని వెనక్కి రావద్దు, వినపడదు. లోపలికి వెళ్లండి. బిడ్డ కింద నీలం గళ్ల గుడ్డ, మూలన మూడు ఎర్ర కుట్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే, ముందు బిడ్డను రెండు చేతులతో మూరెడు పైకెత్తండి.